తడి లేని చేనుకు టానిక్కు ఎందుకు?

పోయిన రబీలో ఒక మొక్కజొన్న చేను చూశాను. సాగర్ కుడి కాలువ కింద చిట్టచివరి భూమి. ఎకరం పాతిక సెంట్లు. జల్లు వేసింది. పుప్పొడి రాలుతోంది. గట్టున నిలబడితే చొక్కా మీద పసుపు చల్లినట్టు పడింది. కానీ కండెలకు పీచు రాలేదు. వరసగా పది మొక్కలు చూస్తే రెండింటికి కనబడింది, అదీ రెండు వేళ్ళ పొడవు. కాలువ వంతు వచ్చిపోయి ఇరవై రెండు రోజులయింది. నల్లనేల సన్నగా నెర్రెలిచ్చింది.

ఆ రైతు నాకు వరసకు బాబాయ్. ట్యాంకు భుజాన వేసుకుని మందు కొడుతున్నాడు. "ఏం కొడుతున్నావ్ బాబాయ్?" అని అడిగాను. "టానిక్కురా అబ్బాయ్. పెరుగుదల మందంట. రెండు సీసాలు, పదమూడు వందలు. కొట్లో ఖాతా రాయించా" అన్నాడు. నాకు నోరు పెగల్లేదు. పదేళ్ళ కిందట అటువంటి సీసా గురించే నేను నాలుగు పేరాలు రాసి అచ్చు వేయించాను. కంపెనీ మనిషి ఇచ్చిన కాగితంలో వున్నది వున్నట్టు ఎత్తి రాశాను. "కణ విస్తరణకు తోడ్పడి మొక్క పెరుగుదలను వేగవంతం చేయును" అని అందులో ఒక వాక్యం. కణ విస్తరణ అంటే ఏమిటో అప్పుడు నాకు తెలియదు. తెలుసుకుందామని కూడా తోచలేదు. నా రాత చూసి ఎందరు కొన్నారో లెక్క లేదు.

నేను ఇంటర్ వరకు చదివినవాణ్ణి. అందుకే ఈసారి కూర్చుని, తెలిసినవారిని అడిగి, నిదానంగా నేర్చుకున్నాను. నేర్చుకున్నది మీకు చెబుతాను. వచ్చే రబీలో కొట్టుకు వెళ్ళేముందు ఒక్కసారి గుర్తు చేసుకోండి.

మొక్క పెరగడమంటే ముందు కొత్త కణాలు పుట్టాలి, తరువాత ఆ కణాలు సాగాలి. పుట్టిన కణం కంటికి కనబడనంత చిన్నది. మనం చూసి "చేను లేచింది" అనుకునే ఎత్తు చాలావరకు ఆ కణాలు సాగడం వల్ల వచ్చిందే. ఒక్కో కణం తాను పుట్టినప్పటికంటే పదుల రెట్లు పెద్దదవుతుంది. అంతగా సాగాలంటే ఒక అడ్డంకి వుంది. మొక్క కణం చుట్టూ గోడ వుంటుంది. పుస్తకాల్లో దాన్ని కణకవచం అంటారు. పశువు ఒంట్లో కణానికి ఈ గోడ లేదు. మొక్కకు ఎముకలు లేకపోయినా నిటారుగా నిలబడేది ఈ గోడ బలంతోనే.

గోడ అంటే ఇటుక గోడలాంటిది అనుకోకండి. నులక మంచం అల్లిక గుర్తు తెచ్చుకోండి. సెల్యులోజ్ పోగులు నులక మాదిరి చుట్టూ అల్లుకుని వుంటాయి. ప్రత్తి దూదిలో తొంభై పాళ్ళకు పైగా వుండేది ఈ సెల్యులోజే, కాబట్టి ఆ పోగు ఎంత గట్టిదో మీకు చెప్పనక్కర్లేదు. పోగుకూ పోగుకూ మధ్య వేరే పదార్థాలు బంక మాదిరి అంటుకుని, అల్లిక జారకుండా పట్టి వుంచుతాయి. లోపల కణం నీళ్ళు పీల్చుకుని ఉబ్బి ఈ అల్లికను బయటికి తోస్తుంటుంది. ఆ తోపుడు మామూలుది కాదు. మోటార్ సైకిల్ వెనక టైరుకు గాలి 30 పౌండ్ల దగ్గర పెట్టిస్తాం. పెరిగే కణంలో నీటి ఒత్తిడి సుమారు 45 నుంచి 140 పౌండ్ల వరకు వుంటుంది. ఆకు నిక్కపొడుచుకుని నిలబడేది ఆ ఒత్తిడి వల్లే.

ఇంత ఒత్తిడి వున్నా గోడ బిగుసుకుని వుంటే కణం సాగదు. అట్లాగని గోడ తెగిపోతే కణం పగిలి చస్తుంది. నులకను కత్తితో కోస్తే మంచం కూలుతుంది. కోయకుండా అక్కడక్కడా పట్టు సడలిస్తే అల్లిక కొంచెం జారి, వెడల్పై, మళ్ళీ నిలుస్తుంది. మొక్కలో ఆ పని చేసే ప్రోటీన్లు వున్నాయి. వాటి పేరు ఎక్స్‌పాన్సిన్లు.

వీటిని కనుక్కున్న తీరు వింటే మీకు నచ్చుతుంది. 1992లో అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో డేనియల్ కాస్‌గ్రోవ్ ప్రయోగశాల. అక్కడ సైమన్ మెక్వీన్ మేసన్ అనే ఆయన, తోటివారు దోస మొలకల కాడలు తీసుకున్నారు. వాటిని గడ్డ కట్టించి చంపేశారు. అంటే ప్రాణం పోయింది, గోడలు మాత్రం మిగిలాయి. ఆ కాడను రెండు చివరలా పట్టి బరువు వేలాడదీసి, కొద్దిగా పులుపు వున్న నీళ్ళలో వుంచారు. చచ్చిన కాడ మెల్లగా సాగింది. అదే కాడను ఉడికించి పెడితే సాగలేదు. వేడికి చెడిపోయే వస్తువు ఏదో గోడలో వుందన్నమాట. పెరుగుతున్న దోస మొలకల గోడల నుంచి ప్రోటీన్ తీసి, ఆ ఉడికించిన కాడకు తగిలించారు. మళ్ళీ సాగడం మొదలుపెట్టింది! తరువాత ఆ ప్రోటీన్ను ఉత్త సెల్యులోజ్ కాగితం మీద కూడా పరీక్ష చేశారు. కాగితం పోగులు తెగలేదు గానీ పట్టు తగ్గి బలహీనమయింది. కోయడం కాదు, సడలించడమే దాని పని అని అట్లా తేలింది.

పులుపు అన్నాను కదా. భూసార పరీక్ష కాగితంలో ఉదజని సూచిక అని చూస్తారు, అదే లెక్క. పెరిగే కణం తన శక్తి ఖర్చు పెట్టి గోడలోకి ఆమ్లాన్ని తోస్తుంది. సూచిక 5 కన్నా దిగితే ఎక్స్‌పాన్సిన్ చురుగ్గా పని చేస్తుంది. ఆక్సిన్ అనే హార్మోను తట్టి లేపితే కణం నిమిషాల్లో ఈ పని మొదలుపెడుతుంది. ఇది గోడ లోపలి సంగతి. నేల సూచికతోనూ, ట్యాంకులో కలిపే నీటి సూచికతోనూ దీనికి సంబంధం లేదు. ఆ పేరు చెప్పి ఎవరైనా మరో సీసా అంటగడితే తీసుకోకండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. గోడ సడలితే సరిపోదు, లోపల్నుంచి నీళ్ళు తోయాలి. మంచం నులక సడలించి ఎవరూ కూర్చోకపోతే అది కిందికి దిగుతుందా? నేలలో తడి తగ్గగానే కణంలో ఒత్తిడి తగ్గుతుంది. మొక్కలో అన్ని పనులకంటే ముందు ఆగేది ఈ సాగడమే. ఆకులో ఆహారం తయారవడం ఇంకా బాగానే నడుస్తుండగా పెరుగుదల మందగిస్తుంది. మొక్కజొన్న మీద ఈ సంగతి యాభై ఏళ్ళ కిందటే తేల్చారు. ఆకు చుట్టుకోవడం, వాడడం మన కంటికి కనబడేది ఆ తరువాత. అంటే మీరు గట్టున నిలబడి "ఆకు చుట్టుకుంటోంది, తడి పెట్టాలి" అనుకునే వేళకు పెరుగుదల దెబ్బ తిని కొన్ని రోజులయివుంటుంది.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. కణం గోడ ఎల్లకాలం సడలదు. కణం ముదిరేకొద్దీ గోడ బిగిసి, కొత్త పదార్థాలు చేరి గట్టిపడుతుంది. ముదిరిన గోడకు ఎక్స్‌పాన్సిన్ తగిలించినా సాగదని ప్రయోగాల్లో చూశారు. కొద్దిపాటి బెట్ట అయితే తడి అందగానే మొక్క కొంత కోలుకుంటుంది, కాదనను. కానీ సాగాల్సిన రోజుల్లో నీళ్ళు లేక గిడసబారిన భాగాన్ని తరువాత ఏ మందూ సాగదీయదు.

బాబాయ్ చేనులో జరిగింది అదే. మొక్కజొన్న పీచు వుంది చూశారూ, దాంట్లో ఒక్కో పోగు ఒక్కో గింజకు దారి. పోగు కండె మీద తన గింజ దగ్గర పుట్టి, పొరల సందున సాగి, చివర బయటికి తల పెట్టాలి. నీళ్ళు అందితే రోజుకు అంగుళం సాగుతుంది. కణాలు సాగడం తప్ప అందులో ఇంకేమీ లేదు, అందుకే మొక్కలో బెట్టకు మొదట దెబ్బ తినేది అది. జల్లు మాత్రం ఆగదు. తన వేళకు తాను పుప్పొడి రాల్చేస్తుంది, వారం రోజుల్లో అయిపోతుంది. పీచు ఆలస్యంగా బయటికి వచ్చేసరికి పుప్పొడి వుండదు. కండె కొసన బోడి, మధ్యలో అక్కడక్కడా పళ్ళూడిన నోరు మాదిరి గింజ.

ఇక్కడ ఇంకో చిత్రం. పుప్పొడి రేణువు పీచు మీద పడ్డాక ఒక గొట్టం మొలిచి పీచు లోపలికి దారి చేసుకుని పోవాలి. పీచు కణాల గోడలు అడ్డం వుంటాయి కదా. అందుకని మొక్కజొన్న పుప్పొడి తనతోపాటు ఎక్స్‌పాన్సిన్ రకం ప్రోటీన్ను విస్తారంగా తెచ్చుకుంటుంది. 1997లో కాస్‌గ్రోవ్ బృందమే ఇది బయటపెట్టింది. గడ్డిజాతి పుప్పొడి గాలికి కొందరికి తుమ్ములు, కళ్ళ మంటలు వస్తాయే, దానికి కారణమయ్యే ప్రోటీన్లలో ముఖ్యమైనది ఈ కుటుంబానిదే. ఆ రోజు గట్టు మీద నేను నాలుగుసార్లు తుమ్మాను. కారణం ఇదేనేమో, దుమ్మో!

వేరు సంగతి వేరే. 1996లో అదే యూనివర్సిటీ వారు, మిస్సోరీ వారు కలిసి చూశారు. తడి తక్కువైనప్పుడు మొక్కజొన్న లేత వేరు కొసన ఎక్స్‌పాన్సిన్ పని పెరుగుతుంది. ఒత్తిడి తగ్గినా గోడ ఇంకాస్త సడలి వేరు కొస సాగుతూనే వుంటుంది. పైన ఆకు ఆగుతుంది, కింద వేరు నీళ్ళు వెతుక్కుంటూ పోతుంది. లేత దశలో తడికీ తడికీ మధ్య నాలుగు రోజులు ఆరితే మంచిదే అని మన పెద్దలు అనేవారు. వారికి ఎక్స్‌పాన్సిన్ పేరు తెలియకపోయినా చేను తెలుసు. అందుచేత నీళ్ళు తక్కువున్న సంవత్సరం, మోకాలెత్తు చేనుకు రెండుసార్లు పారించి జల్లు వేళకు చేతులెత్తేయడం కంటే, ముందు కొంచెం ఓర్చుకుని జల్లుకు పది రోజుల ముందు నుంచి పీచు ఎండేదాకా తడి తప్పకుండా చూడటం మేలు. నీళ్ళు చాలకపోతే బోదె విడిచి బోదెకు పారించండి. ఆకు చూసి తడి పెట్టకండి. జానెడు లోతు మట్టి తీసి పిడికిట్లో నొక్కండి. ముద్ద కాకుండా పొడిగా రాలిపోతే అప్పటికే ఆలస్యమయింది.

మరి సీసా మాటేమిటి? ఎక్స్‌పాన్సిన్ కణం లోపల తయారై గోడలోకి చేరే ప్రోటీన్. ఆకు పైన మైనం పొర వుంటుంది. అంత పెద్ద ప్రోటీన్ను నీళ్ళలో కలిపి పైన కొడితే ఆ పొర దాటి లోపలి గోడలకు చేరేది కాదు. కాబట్టి "కణకవచాన్ని సడలించే ప్రోటీన్లు" అని ఎవరైనా కాగితం చూపిస్తే మాట నిజమే, సీసాకు మాత్రం అది వర్తించదు. హార్మోన్లు అట్లా కాదు. అవి చిన్నవి, లోపలికి పోతాయి, పని చేస్తాయి. హైబ్రిడ్ వరి విత్తనోత్పత్తి చేసే రైతులు ఆడ వరుసల కంకి పూర్తిగా బయటికి రావడానికి జిబ్బరెల్లిక్ యాసిడ్ కొడతారు. మిరపలో, ప్రత్తిలో పూత రాలకుండా ఎన్.ఎ.ఎ. కొడతారు. చెప్పిన మోతాదులో, చెప్పిన దశలో కొడితే ఫలితం వుంటుంది. నేను అన్ని సీసాలనూ ఒకే గాటన కట్టడం లేదు.

కానీ పొడుగు సాగడమే బలం అనుకోవడం పొరపాటు. జపాన్‌లో వరినారు కొన్ని మొక్కలు సన్నగా, పాలిపోయి, మిగతావాటికంటే జానెడు ఎత్తు లేచి చచ్చిపోయేవి. అక్కడి రైతులు దానికి తెలివితక్కువ నారు అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఒక బూజు విడిచే పదార్థం అందుకు కారణమని 1926లో కురోసావా చూపించాడు. జిబ్బరెల్లిన్ కథ అక్కడ మొదలయింది. మన చేలల్లో యూరియా బస్తా మీద బస్తా గుమ్మరించినప్పుడు వచ్చే ఎత్తు కూడా ఈ బాపతే. చూడటానికి నల్లగా, ఏపుగా వుంటుంది. కాడలో సత్తువ వుండదు. అగ్గితెగులు, సుడిదోమ దానికే ముందు తగులుతాయి, గాలివానకు అదే ముందు పడుతుంది.

పొటాష్ గురించి ఒక్క మాట. కణం నీళ్ళు లోపలికి లాక్కునేది లోపల లవణాలు, చక్కెరలు ఎక్కువగా వుండటం వల్ల. అందులో పెద్ద వాటా పొటాషియానిది. యూరియా, డి.ఎ.పి. దగ్గర ఆగిపోయి పొటాష్ మానేసిన చేనులో మొక్కకు నీళ్ళు లాగే సత్తా తగ్గుతుంది. బెట్ట వచ్చినప్పుడు లీటరు నీటికి 10 గ్రాముల పొటాషియం నైట్రేట్ కలిపి కొట్టమని శాస్త్రవేత్తలు చెప్పేది కూడా ఇందుకే. అది ఎరువు, సంచి మీద 13-0-45 అని అంకెలు వుంటాయి, ఏముందో మీకు తెలుస్తుంది. అదైనా తడికి బదులు కాదు. తడి వచ్చేదాకా మొక్కను కొంత నిలబెడుతుంది, అంతే.

సీసాల సంగతి ప్రభుత్వానికి తెలియక కాదు. బయోస్టిమ్యులెంట్లు అనే ఈ రకాలను 2021 ఫిబ్రవరిలో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు. అంతకుముందు వాటికి అడిగే నాథుడు లేడు. 2025 జూలైలో కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ స్వయంగా చెప్పిన లెక్క ప్రకారం ఏళ్ళ తరబడి దాదాపు 30,000 రకాలు తనిఖీ లేకుండా అమ్ముడయ్యాయి. తరువాత నాలుగేళ్ళూ 8,000 వరకు నడిచాయి. గట్టిగా పరీక్ష పెడితే 650 దగ్గర తేలాయి. అంటే మిగతావి ఏమిటి? ఆ డబ్బు ఎవరిది? మన బాబాయ్‌ల ఖాతాల్లో వడ్డీతో సహా రాసివున్నది అదే. నాలుగు పేరాలు రాసిన నాకూ అందులో పాలు వుంది.

గోడ సడలింపు వల్ల దిగుబడి పెరగదా అంటే, పెరుగుతుంది. ఆ దారి వేరు. దోస మొలకల ప్రయోగం చేసిన మెక్వీన్ మేసన్ తరువాత ఇంగ్లండులోని యార్క్ యూనివర్సిటీకి వెళ్ళాడు. చిలీ దేశపు శాస్త్రవేత్తలతో కలిసి గోధుమలో, గింజ కట్టే వేళ గింజలోనే ఎక్స్‌పాన్సిన్ ఎక్కువగా తయారయ్యేటట్టు జన్యుమార్పిడి చేశారు. గింజ లేత గోడలు ఇంకాస్త సాగి గింజ పెద్దదయింది. మామూలుగా గింజ బరువు పెరిగితే గింజల సంఖ్య తగ్గుతుంది. ఇక్కడ తగ్గలేదు. పొలంలో దిగుబడి 11.3 శాతం వరకు పెరిగిందని 2021లో ప్రకటించారు. ఇది విత్తనంలో చేసిన మార్పు. పైగా జన్యుమార్పిడి పంట, మన చేతికి వచ్చే సరుకు కాదు. ఆ వార్త కత్తిరించి సీసా పక్కన అంటించి చూపిస్తే నమ్మకండి.

టమాట వేసేవారికి ఈ ప్రోటీన్ శత్రువు కూడా. పండు మెత్తబడటంలో దానికో పాత్ర వుందని 1997లో కాలిఫోర్నియాలో కనుగొన్నారు. దాన్ని అణచిన పండ్లు ఎక్కువ గట్టిగా నిలిచాయి. దూరం మార్కెట్టుకు లారీ ఎక్కించేవారు పూర్తిగా ఎర్రబడేదాకా ఆగకుండా రంగు తిరిగే వేళకే కోసేది ఈ మెత్తదనం ముంచుకురాకముందే.

నా ఫిర్యాదు కొట్టువాళ్ళ మీద ఒక్కటే కాదు. చివరి భూముల రైతు సీసా ఎందుకు కొంటున్నాడు? నీళ్ళు తన చేతిలో లేవు, సీసా తన చేతిలో వుంది కాబట్టి. ఏదో ఒకటి చేయాలి కదా అని కొంటాడు. కాలువ వంతులు నిర్ణయించే అధికారులు పంట దశ చూసి నిర్ణయించటం లేదు. ఎగువన వరి మడుల్లో మోకాళ్ళలోతు నీళ్ళు నిలిచి వుండగా, దిగువన ఆరుతడి పంట జల్లు వేళ ఎండిపోతుంది. ఏ ఊళ్ళో ఏ వారం మొక్కజొన్న జల్లు వేస్తుందో గ్రామ వ్యవసాయ సహాయకుడి దగ్గర లెక్క వుంటుంది. ఆ కాగితం నీటిపారుదల శాఖ బల్ల మీదికి వెళ్ళి, ఆ పది రోజులకు ఒక్క వంతు చివరిదాకా వదిలితే చాలు. దీనికి కొత్త ప్రాజెక్టు అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు. నీటి సంఘాల వాళ్ళు ఈ ఒక్క మాట పట్టుకుని అడగాలి. మీరు కూడా అడగండి, నాట్లకు ముందే అడగండి.

అప్పటిదాకా, పదమూడు వందలకు ఎంత డీజిల్ వస్తుందో మీరే లెక్క వేయండి. బాబాయ్ చేనుకు రెండు వందల గజాల దూరంలో మురుగు కాలువ వుంది. పక్క రైతు దగ్గర ఆయిల్ ఇంజను, పైపులు వున్నాయి. నీళ్ళు ఉప్పన కాకపోతే ఎకరం పాతిక సెంట్లకు బోదె విడిచి బోదె ఒక తడి ఇచ్చుకోవచ్చు. నేను ఆ మాట అన్నప్పుడు బాబాయ్ ట్యాంకు కింద పెట్టి, "ముందే చెప్పొచ్చు కదరా, ఇంత చదివినోడివి" అన్నాడు.

ఈసారి ఆయన చేను రెండు ముక్కలు చేసి, పన్నెండు రోజుల తేడాతో విత్తనం పెట్టాడు. రెండూ ఒకేసారి ఎండకుండా వుంటాయని. కొట్లో పాత ఖాతా ఇంకా తీరలేదు. మొదటి ముక్క సంక్రాంతి దాటగానే జల్లు వేస్తుంది. కాలువ ఆ వారం వస్తుందో రాదో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.